వీపునడుమ దురదాసుర సంహారం

కిటికీ ఊచల నడుమనుండి చొరబడిన ఎండ మంచంకోళ్ళను తాకుచున్న ఒకానొక మధ్యాహ్నమున, ఇస్త్రీకి నోచని బట్టలగుట్టలు పర్వతపంక్తులవలె వెలయుచున్న పడకగదియందు, శవచ్ఛేదనశాలాసింహుడును, విద్యార్థిహృదయకంపనుడును అగు శరీరనిర్మాణశాస్త్రాచార్యుడు, పూలకుండీ ఎత్తబోయి నడుము పట్టివేయగా, వంగరాదు, తిరుగరాదు, చేతులు వెనుకకు చాపరాదను వైద్యాజ్ఞకు బద్ధుడై, పక్కమీద బోర్లా పడియుండెను.

అట్టి తరుణమున, రెక్క ఎముకల నడుమ, ఏ వీరుని చేతికిని అందని ఆ దుర్గమప్రదేశమున, దురద పుట్టెను. తొలుత చీమనడక. పిదప అశ్వదళము.

పిలువవలసినది ఇల్లాలిని. కాని ఆమె ఆదివారము మొదలు మౌనదుర్గమున తలుపులు బిగించుకొని యున్నది. ఏలయన, ఆనాడు ఇంటికి వచ్చిన తన అన్నతో "కాలు లాగేస్తోంది అన్నయ్యా" అని ఆమె తొడ పట్టుకొని చూపిన వేళ, ఈ మహానుభావుడు "అది కాలు కాదు, తొడ. మోకాలి కింద ఉన్నదే కాలు" అని సవరించి, బావమరిది పకపక నవ్వుటకు కారకుడయ్యెను.

ఒకవంక అభిమానము, ఒకవంక దురద. క్షణకాలము ఘోరముగా పోరాడి అభిమానము చచ్చెను.

"ఏమోయ్! కాస్త ఇటు రా. వీపు గోకకపోతే పోయేలా ఉన్నాను!"

ఆమె వచ్చెను. మంచము గోడ నంటియుండుటచే, ఇవతలి పక్క బట్టలగుట్టలు అడ్డుటచే, అతని నెత్తికెదురుగా నిలిచి, "ఎక్కడ?" అనెను.

ఆచార్యుడు దిండులో మొగము దాచుకొనియే గర్జించెను. "వినుము! మధ్యరేఖకు ఎడమన, రెక్క ఎముక లోపలి అంచు చెంత, ఏడవ పక్కటెముకకు సుపీరియర్‌గా..."

"నాకర్థమయ్యే భాషలో ఏడవండి."

"ఎడమ పక్క!"

గోళ్ళు కుడి పక్కను దున్నెను.

"ఎడమ అన్నాను కదే!"

"ఇది ఎడమే."

"నీ ఎడమ కాదు. శాస్త్రంలో ఎప్పుడూ రోగి ఎడమే ఎడమ."

"గోకేదెవరు?"

"నువ్వే."

"అయితే నా ఎడమే."

"సరే తల్లీ, నీ కుడికి! ఆ... ఇప్పుడు కాస్త పైకి."

చేయి వీపును వీడి గాలిలోకి లేచెను.

"పైకి అన్నాను!"

"పైకే ఉంది. ఇంకా అంటే ఫ్యానుకి తగులుతుంది."

మనిషి నిలుచున్నను, పండుకొన్నను, తలకిందులుగా వ్రేలాడినను, తలవైపునదే ఊర్ధ్వదిశ యని పూర్వపండితులేల శాసించిరో, ఇంతకాలము పాఠముగా వల్లించిన ఆచార్యునకు అప్పుడు ప్రాణము మీదికి వచ్చి తెలిసెను.

"సుపీరియర్ అంటే ఫ్యాను వైపు కాదు, తల వైపు! మీడియల్ అంటే వెన్నెముక వైపు! లేటరల్ అంటే పక్కకి, చంక వైపు!"

"మా అన్నయ్య ముందు నా తొడకి పేరు పెట్టడానికి లేచిన నోరు, తల వైపు అనడానికి లేవలేదా?"

సింహము దిండులో తల మరింత దూర్చెను.

"తప్పే. బుద్ధి తక్కువై అన్నాను. గోకు."

గోళ్ళు కదలెను.

"సుపీరియర్... ఇంకాస్త... ఇప్పుడు మీడియల్..."

"లేటరలా?"

"వద్దు, వద్దు!"

వేళ్ళు చంకలో దూరెను. శవములకైనను చలింపని సింహము పందిపిల్లవలె కీచుమనెను. ఇల్లాలు నవ్వెను, మంచము కంపించునంతగా, మౌనదుర్గము గోడలతో కూలునంతగా నవ్వెను. ఆ నవ్వుతోనే చేయి మరలి వచ్చి, శత్రువు నడినెత్తిన దిగెను.

"అబ్బా... అక్కడే... అక్కడే..."

ఆచార్యుని నోట శాస్త్రము లేదు. చొంగ మాత్రము ధారకట్టి దిండును తడిపెను.

ఆమె విజయధ్వజమువలె చూపుడువేలెత్తి, "చూడండి, గోటి నిండా మట్టి! స్నానం చేసి ఎన్నాళ్ళయింది?" అనెను. గురక బదులిచ్చెను.

జనులారా, ఆలకింపుడు! చింతగింజంత చర్మము శత్రువిముక్తమయ్యెను!