నాగేశప్పగారి ఆకు భోజనం

"ఈ ఇంట్లో ఇకమీదట తడి ఆకు అనేది కనిపించకూడదు" అని హోసూరు స్టీలు పాత్రల వ్యాపారి, పార్టీ వార్డు కార్యదర్శి బద్రీనాథ్ సోమవారం ఉదయం తన వంటింట్లో ప్రకటించారు. వినడానికి ఉన్నది భార్య కోమల, తల్లి తాయారమ్మ. అయినా ఆయన మైకు ముందు నిలబడ్డట్టే నిలబడి, చివర్లో చప్పట్ల కోసం కాస్త ఆగారు. కుక్కరు విజిల్ వేసింది.

కారణం చిన్నది కాదు. కార్పొరేషన్ ఎన్నికలు దగ్గరపడ్డాయి. పద్దెనిమిదేళ్లు జెండా మోసిన బద్రీనాథ్‌కు ఈసారైనా కౌన్సిలర్ టికెట్ రావాలి. ఇవ్వవలసింది జిల్లా ఇన్‌చార్జి నాగేశప్ప. ఆయన గురువారం మధ్యాహ్నం వీళ్లింటికి భోజనానికి వస్తున్నారని పి.ఏ. కలైసెల్వి ఫోన్ చేసింది. ఆవిడది తమిళం, తెలుగు పొదుపుగా వాడుతుంది.

"అన్నకి ఆకు భోజనం సార్. ఆకు మీద ఒక్క చుక్క నీళ్లు ఉండకూడదు. పోయిన నెల సూళగిరిలో తడి ఆకు పెట్టినారు. అన్న లేచి వెళ్లిపోయినారు. ఆ ఇంటాయనకి పదవి పోయింది."

అనుభవం ఉన్న నాయకుడు కాబట్టి బద్రీనాథ్ విషయం వెంటనే పట్టేశారు. "అన్న డైటింగులో ఉండారు. సలాడు తప్ప ముట్టరంట."

"అరిటాకేమోనండీ" అంది కోమల. "నీళ్లు చల్లి తుడవకుండా వేస్తే పంచె మీదికి కారుతుంది కదా. ఆకు తింటారో, ఆకులో తింటారో ఒకసారి అడగండి."

"నీకు రాజకీయం తెలీదు. అరిటాకు కోసం ఎవురైనా పదవి పీకుతారా?"

ఆ మాట న్యాయంగానే ఉంది.

మంగళవారం హాల్లోకి మూడు సలాడ్ స్పిన్నర్లు దిగాయి. గిన్నెలో జల్లెడ బుట్ట, పైన మూత. బుట్ట గిరగిరా తిరిగితే కడిగిన ఆకు నీళ్లు వదులుతుంది. ఎంపికకు కమిటీ వేశారు. అధ్యక్షులు బద్రీనాథ్. సాంకేతిక నిపుణుడు మేడమీద అద్దెకుండే నితిన్. కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్‌లో పనిచేస్తున్నాడు. సభ్యురాలు కోమల, ఎందుకంటే తిప్పేది ఆమె.

మొదటిదానికి తాడుంది. లాగితే ఇటు తిరిగింది, వదిలితే అటు తిరిగింది. "ఇది పార్టీ మారే రకం" అని అధ్యక్షులు పక్కన పెట్టేశారు. రెండోదానికి పిడి ఉంది, బాగానే తిరిగింది గానీ మూత ప్రతిపక్షం రంగు. మూడోదానికి నెత్తి మీద బటన్. నొక్కిన ప్రతిసారీ నోరెత్తకుండా తిరిగింది.

"చూడప్పా, నెత్తిన నొక్కేకొద్దీ పనిచేస్తుంది. ఇది మన కార్యకర్త!" అన్నారు బద్రీనాథ్. ఎంపిక ఏకగ్రీవం.

"సగానికే నింపాలె సార్" అన్నాడు నితిన్. "కుక్కితే ఆకు నలుగుతది, తడి పోదు. రెండు వాయిలు తిప్పితే మంచిగుంటది."

మహానాడుకు ఒక్క లారీలో నూటిరవై మందిని ఎక్కించిన అనుభవంతో బద్రీనాథ్ నిండా కుక్కారు. పచ్చడి వచ్చింది.

"పాత పంచెలో మూటగట్టి పెరట్లో రెండుసార్లు విదిలిస్తే పోయేదానికి ఇంత రచ్చా?" అంది తాయారమ్మ.

"అది పాత ప్రభుత్వం పద్ధతమ్మా."

బుధవారం రాత్రి లోపల ఇంటిల్లిపాదీ ఐదు పూటలు ఆకే తిన్నారు. కోమల బొటనవేలు వాచింది. త్యాగం లేనిదే పార్టీ లేదని భర్త ఓదార్చారు.

గురువారం నాగేశప్ప వచ్చారు. కాళ్లు కడుక్కుని, మఠం వేసుకుని, చొక్కా చేతులు పైకి మడిచి కూర్చున్నారు. ఎదురుగా పింగాణీ పళ్లెంలో లెట్యూస్ ఆకులు వచ్చాయి. ఆయన పళ్లెం వైపు చూశారు. వంటింటి వైపు చూశారు.

"ఆకు యాడమ్మా?"

"ఇదే కదన్నా!" బద్రీనాథ్ ఇంకో గుప్పెడు వేశారు. "ఒక్క చుక్క తడి ఉంటే నా పేరు మార్చండి."

"అది కాదప్పా, ఆకు..."

"కోమలా! అన్నకి ఆకు చాల్లేదు. ఇంకో వాయి తిప్పు!"

కోమల పెరట్లో అరటిచెట్టు వైపు ఒక అడుగు వేసింది. భర్త కళ్లెర్రజేశారు. వెనక్కొచ్చి బటన్ నొక్కింది.

ఇంతలో గుమ్మంలో నాలుగు కెమెరాలు నిలిచాయి. "ఇది మీ డైటా అన్నా?" అని ఒక విలేకరి అడిగాడు. కెమెరా ముందు 'కాదు, తెలీదు' అనే అలవాటు నాగేశప్పకు లేదు. ఆయన ఒక ఆకు నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, "పదేళ్లుగా ఇదే తింటా ఉండాను. ప్రజలు కూడా తినాల" అన్నారు.

మర్నాడు పేపర్లు 'నిరాడంబర నాయకుడు' అన్నాయి. పార్టీ అధ్యక్షులు స్వయంగా ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ఇక ఆయన ఏ గడప తొక్కినా ఆకే. జిల్లాలోనే ఉన్న పోచంపల్లిలో క్యాబేజీ, సూళగిరిలో పాలకూర. కెలమంగలంలో పట్టుపురుగులు పెంచే కార్యకర్త ఇంట్లో ఉన్న మల్బరీ ఆకే పెట్టాడు, అదీ చక్కగా ఆరబెట్టి. ఎన్నికల పర్యటనలో సొంతింటికి పోయే తీరిక లేదు, హోటల్లో అన్నానికి కూర్చుంటే చుట్టూ సెల్‌ఫోన్లు లేచేవి. మూడు వారాల్లో నాగేశప్ప జుబ్బా భుజాల మీంచి జారడం మొదలుపెట్టింది. దీక్షలో ఉన్నారని జనం దండం పెట్టారు.

బద్రీనాథ్ జిల్లా అంతా తిరిగి కార్యకర్తలకు స్పిన్నర్ శిక్షణ ఇస్తున్నారు. టికెట్ల జాబితా మాత్రం రాలేదు. పొద్దున పళ్లు తోమకముందే ఆయన ఫోన్ చూసుకునేవారు, చూసి మొహం వేలాడేసేవారు. అది చూస్తే కోమలకు బాధే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం పెరటి తలుపు ఎవరో మెల్లగా తట్టారు. కోమల తీసింది. తలకు తువ్వాలు చుట్టుకుని, ఒక్కరే, నాగేశప్ప.

"ఇంట్లో ఎవురన్నా ఉండారా అమ్మా?"

"అత్తమ్మ నిద్రపోతా ఉందన్నా."

"బద్రీ?"

"కృష్ణగిరికి పోయినారు. ఆకు తిప్పేది నేర్పించేదానికి."

నాగేశప్ప కళ్లు మూసుకుని, గోడకు ఆనుకున్నారు. "అమ్మా, నీకు పుణ్యముంటుంది. ఒక అరిటాకు వేసి ఇంత అన్నం పెట్టమ్మా."

కోమలకు నిజంగానే జాలేసింది. పెరట్లో లేత ఆకు కోసి, కడిగి, ఉతికిన గుడ్డతో రెండు పక్కలా తుడిచి వేసింది. వేడన్నం, పప్పు, వంకాయ కూర, నెయ్యి, ఉలవచారు. ఆయన తలెత్తలేదు. మూడోసారి వడ్డించాక ఊపిరి తీసుకున్నారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఈ వార్డు టికెట్టు ఎవురిదో రేపు రాసివ్వాలమ్మా" అన్నారు, ఆకు మీద చారు జారిపోకుండా అన్నంతో కట్ట కడుతూ. "బద్రీకి ఇమ్మని అందరూ చెప్తా ఉండారు. మంచి కార్యకర్త. నాకు నోరు కట్టేసినోడు." ఒక ముద్ద మింగారు. "నీ పూర్తి పేరేంటమ్మా?"

కోమల ఇంకో గరిటె చారు పోసి, ఓటరు కార్డులో ఉన్నట్టే, ఇనిషియల్‌తో సహా చెప్పింది.