భార్య, సాధారణ రకం, కోస్తా

శేషు కళ్లు తెరిచాడనీ, కాకపోతే ఆసుపత్రి స్టోర్‌లో సీసాలో నిల్వ ఉన్న భార్య వల్ల తెరిచాడనీ కబురు వచ్చేసరికి హరిణి క్యాంటీన్‌లో ఉప్మా తింటోంది. అప్పుడే పంటికింద జీడిపప్పు తగిలింది. ప్రభుత్వ క్యాంటీన్ ఉప్మాలో జీడిపప్పు తగిలిన రోజున మంచి జరగకపోతే ఎలా అనుకుంటూ ఉండగా నర్సు వచ్చి చెప్పింది. హరిణి ఆ పప్పుని బుగ్గన అట్టేపెట్టుకుని మెట్లెక్కింది.

వాళ్ల పెళ్లి శ్రావణంలో అయింది. కార్తీకంలో శేషు బండి మీంచి పడ్డాడు. తలకి దెబ్బ తగిలి స్పృహలేకుండా ఉన్నవాళ్లని లేపడానికి ఆ ఆసుపత్రిలో ఇంద్రియ ప్రేరణ విభాగం ఉంది. ఇంటివాళ్ల నుంచి వాసనలు, చప్పుళ్లు, స్పర్శలు తీసి, సీసాల్లో పట్టి, రోగికి ఎక్కిస్తారు. రక్తం ఎక్కించినట్టే, సూది కాస్త సన్నం. అత్తగారు రత్నమాణిక్యం ఇచ్చిన ఇంగువ పోపు వాసనా, వీపు నిమిరే చెయ్యీ, మధ్యమధ్య విసుక్కోవడమూ వెంటనే సరిపోయాయి. హరిణి ఇచ్చినవి మాత్రం తిప్పి పంపారు.

హరిణి రోజూ పొద్దున్నే తలస్నానం చేసి వచ్చి తడి చేతులు శేషు ముఖం మీద విదిలించేది. అతను కళ్లు తెరవకుండానే, "వానొచ్చేసిందే, ఆరేసిన బట్టలు తియ్యి" అనేవాడు. ఆ చినుకుల్ని ఆమె సీసా నిండా ఇచ్చింది. జడ వేసుకుంటూ అపశ్రుతిలో తీసే కూనిరాగం కూడా ఇచ్చింది. కానీ ఏడాది నిండని పరిచయం రోగి నరాలకి ఆనదని నిబంధన. అందుకని భార్య స్థానం ఖాళీగా ఉండిపోయింది. ఖాళీ ఉంటే చికిత్స మొదలుపెట్టకూడదు. స్టోర్‌లోంచి "భార్య, సాధారణ రకం, కోస్తా" అని చీటీ అంటించిన సీసా తెప్పించి ఎక్కించారు. అది బాగా పనిచేసింది.

వార్డులో శేషు దిండుకి ఆనుకుని కూర్చున్నాడు, పక్కనే రత్నమాణిక్యం నిలబడి ఉంది. హరిణిని చూసి మర్యాదగా కాళ్లు ముడుచుకున్నాడు.

"కూర్చోండి. మీరు ఎవరి తాలూకండీ?"

"నా పేరు హరిణి అండీ."

"మంచి పేరు."

పెళ్లిచూపుల్లోనూ సరిగ్గా ఇదే మాట అన్నాడు. హరిణికి అంత దిగుల్లోనూ సంతోషం వేసింది.

"మా ఆవిడ ఇంకా రాలేదండీ" అన్నాడు శేషు. "తను గ్లాసు మీద చెంచాతో కొడితేగానీ నాకు మెలకువ రాదు. తలకి వట్టివేళ్ల నూనె రాసుకుంటుంది. బెల్లం ఎక్కువేసి ఆనపకాయ పులుసు పెడుతుంది. ఏ మాటైనా నిట్టూర్చి మొదలుపెడుతుంది. అదో అందం లెండి."

హరిణి పక్కనున్న మగ్గులో చేతులు ముంచి అతని ముఖం మీద విదిలించింది. శేషు పైకి చూశాడు.

"అమ్మా, పైన పైపు కారుతున్నట్టుంది. ఈవిడ తడిసిపోతారు, కుర్చీ కాస్త ఇటు లాగు."

తను తడుస్తానని కంగారుపడ్డాడు కదా అనుకుని, హరిణి కుర్చీ జరుపుకుంది.

ఇంద్రియ అధికారి నూకరాజు గది వరండా చివర ఉంది. గోడ పొడుగునా సీసాలున్నాయి.

"నయమైపోయింది కదమ్మా" అన్నాడాయన.

"నన్ను గుర్తుపట్టలేదండీ."

"ఆయ్, భార్యని గుర్తుపట్టారు కదండీ. పైవాళ్లు మమ్మల్ని అడిగేది అదేనండి."

"ఆ సీసా వెనక్కి తీసెయ్యలేరా?"

"తీస్తే మళ్లీ కళ్లు మూసేస్తారండి. ఆయన నరాలు ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్నాయి, కదపకూడదు. మీరైతే ఆరోగ్యంగా ఉన్నారు, తట్టుకుంటారు. మీలో ఉన్నవి తీసేసి ఈ సీసాలో మిగిలింది మీకు ఎక్కించేస్తాం. మధ్యాన్నానికల్లా చెంచా ఎలా కొట్టాలో మీ చేతికే తెలిసిపోద్దండి. అందరూ చేయించుకునేదే."

"మరి నా చినుకులు ఎవరికిస్తారండీ?"

"అది కొత్త రకం కిందికి వస్తుందమ్మా. పెద్దగా అడిగేవాళ్లుండరు. మూలన పెడతాం."

మూల అరలో అలాంటి సీసాలు కిక్కిరిసి ఉన్నాయి. ఒకదానిలోంచి ఎవరో కిసుక్కున నవ్వినట్టు వినిపిస్తే, నూకరాజు మూత బిగించాడు.

బయట బల్ల మీద కూర్చున్న అత్తగారు కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"బెంగెట్టుకోకే అమ్మాయ్. నీ ఈడులో నన్నూ మార్చారు. అప్పుడీ సీసాలెక్కడివీ? మా అత్తగారు చేత్తోనే మార్చేశారు. నాకసలు ఇంగువ పడేది కాదు, తెలుసా?"

"మరి మీకు ఏం ఇష్టముండేది అత్తయ్యా?"

రత్నమాణిక్యం వేళ్లు మడిచి లెక్కపెట్టబోయి, మొదటి వేలి దగ్గరే ఆపేసింది.

"ఏమోనే. తీసేశారుగా."

హరిణి మళ్లీ నూకరాజు గదికి వెళ్లి, మార్పించుకోవడానికి సరేనంది. రేపు పది గంటలకు పెట్టుకుందామనీ, తలస్నానం చేసి, పువ్వులు పెట్టుకోకుండా, పాట ఏమైనా నోట్లో ఆడుతుంటే ఇంటి దగ్గరే పాడేసి రావాలనీ నూకరాజు చెప్పాడు. ఆమె వార్డులోకి వెళ్లేసరికి ఆ కబురు ముందే అందిందేమో, శేషు ముఖం వెలిగిపోతోంది. నర్సునడిగి దువ్వెన తెప్పించుకుని తల దువ్వుకుంటున్నాడు. అతను పాపిడి వంకరగానే తీసుకుంటాడు. ఆ వంకర ఇంకా అలాగే ఉన్నందుకు హరిణి మురిసిపోయింది.

"రేపు మా ఆవిడ వస్తోందటండీ" అన్నాడు శేషు. "మీరూ ఉండండి, పరిచయం చేస్తాను."

"తప్పకుండా వస్తానండీ" అంది హరిణి.