సాయంత్రంలోగా సమాధానం

శనివారం పొద్దున రెండో కాఫీ పూర్తయ్యేసరికి రత్నరాజుగారు తన కార్యక్రమం ఖరారు చేసేసుకున్నారు. సాయంత్రంలోగా సమాధానం, మర్నాడు చర్చిలో సాక్ష్యం. బందరు బస్ డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి కనుక, ఏ పనికైనా బయల్దేరే వేళా చేరే వేళా పైకి చెప్పుకుంటే గాని ఆయనకు కాలు కదలదు.

చర్చి తెలుగు అలవాటు లేనివారి కోసం ఇక్కడ రెండు మాటలు విడమర్చాలి. ఆ రోజు గందరగోళమంతా ఈ రెండు మాటల మీదే నడిచింది. చర్చిలో సమాధానం అంటే శాంతి, రాజీ. ఇద్దరు సమాధానపడ్డారంటే తగువు మాని కలిసిపోయారని అర్థం. సాక్ష్యం అంటే దేవుడు తన జీవితంలో చేసిన మేలును సంఘం ముందు నిలబడి చెప్పుకోవడం. బోనూ ఉండదు, జడ్జీ ఉండడు.

ఈ ఆదివారం సాక్ష్యం వంతు రత్నరాజుగారిది. పాస్టరు హనోకుగారు ఒక షరతు కూడా పెట్టారు. విన్న వాక్యాన్ని ఇంట్లోనో వీధిలోనో ఆచరించి, ఆ అనుభవమే చెప్పాలట. పోయిన వారం ప్రసంగం సారాంశం, నీ మీద ఎవరికైనా మనసులో కష్టం ఉంటే ముందు వెళ్ళి వాళ్ళతో కలిసిపో, ఆ తర్వాతే దేవుడి దగ్గరికి రా అని. అలాంటి మనిషి కోసం రత్నరాజుగారు ఊరంతా వెతకనక్కర్లేదు. ఎదురింట్లోనే ఉన్నాడు.

ఎదురింటి నాగభూషణరావుగారు అవనిగడ్డ దగ్గర పొలం కౌలుకిచ్చి బందరులో ఇల్లు కట్టుకున్న రైతు. ఇద్దరూ ఏళ్ళ తరబడి "బావా" అంటే "బావా" అనుకుంటూ పొద్దున్నే సెంటరుకు నడిచి వెళ్ళి టీ తాగేవారు. మొన్న వేసవిలో నాగభూషణరావుగారి అమ్మాయి శ్రీజ పెళ్ళయింది. మొవ్వలో అత్తవారింటికి సారె సర్దుతున్నారు. బందరు నుంచి వెళ్ళే సారెలో బందరు లడ్డు లేకపోతే ఎంత తలవంపులో బందరువాళ్ళకే తెలుసు. "దుకాణంలో దగ్గర కూర్చుని చేయించాను" అని నాగభూషణరావుగారు అందరికీ చెప్పుకుంటున్నారు. సరిగ్గా అప్పుడు రత్నరాజుగారు ఒకటి కొరికి, "బావా, ఇది మన బందరు లడ్డు కాదెహే! గుడివాడ సరుకు!" అన్నారు. సరదాకే అన్నారు. కానీ ఆయన గుసగుసలాడినా నాలుగో ప్లాట్‌ఫాం మీద బస్సు స్టార్టవుతుంది. సారె ఎక్కించడానికి మొవ్వ నుంచి వచ్చినవాళ్ళతో సహా వీధి వీధంతా విన్నది. నాగభూషణరావుగారి ముఖం తెల్లబోయింది. ఆనాటి నుంచి మాటల్లేవు.

"సాక్ష్యం కోసం సమాధానమా, సమాధానం కోసం సాక్ష్యమా?" అని అడిగింది ఆయన భార్య ఎలీసబెతు, కాఫీ గ్లాసు తీసుకుంటూ.

"రెండూ ఒకే బస్సులో వెళ్తాయిలే" అన్నారాయన గంభీరంగా. పైకి అలా అన్నారు గాని, లోపల బాధగానే ఉంది. ఒంటరిగా నిలబడి తాగితే టీ గొంతు దిగడం లేదు.

గేటు దాటి వెళ్ళి "బావా" అని పిలిచారు. వరండాలో పేపరు చదువుతున్న నాగభూషణరావుగారు తలెత్తారు. ఆ ముఖంలో ఏమీ లేదు. కోపం లేదు, నవ్వు లేదు, పోల్చుకున్న జాడ కూడా లేదు. రత్నరాజుగారు వెనక్కి వచ్చేసి, నోటితో చెప్పలేనిది ఫోన్లో రాసి పంపారు.

"బావగారికి. ఈ సాయంత్రంలోగా మన మధ్య సమాధానం కావలెను. లడ్డు విషయమై రేపు ఉదయం పెద్దల సమక్షమున సాక్ష్యం చెప్పబోవుచున్నాను. ముందే తేలిపోయిన యెడల ఇద్దరికీ క్షేమము. ఇట్లు, రత్నరాజు, రిటైర్డు కంట్రోలరు."

ఇక ఆ ముఖం సంగతి. లడ్డు అవమానం తట్టుకోలేక నాగభూషణరావుగారు ఫోన్లో ప్రవచనాలు వినడం మొదలుపెట్టారు. పొగడ్తకూ తెగడ్తకూ, సుఖానికీ దుఃఖానికీ చలించనివాడే జ్ఞాని అని అందులో విన్నారు. చలించకూడదంటే ముఖంలో కండరం కదలకూడదని ఆయన అర్థం చేసుకున్నారు. ఉప్మాలో ఉప్పు లేకపోయినా, కూతురు ఫోన్ చేసినా ఒకటే ముఖం. ఆ పొద్దున రత్నరాజుగారు "బావా" అన్నప్పుడు నిజానికి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. కానీ సంతోషానికి కూడా చలించకూడదు కదా అని బిగబట్టుకున్నారు.

మెసేజ్ చదివాక మాత్రం ఆ సాధన గంగలో కలిసింది.

"సమాధానం ఇవ్వాలట అమ్మాజీ! లేకపోతే లడ్డు విషయం సాక్ష్యం చెప్తాడట! కోర్టుకెక్కాడు!"

"రేపు ఆదివారం కదండీ, కోర్టు ఉండదుగా?" అంది ఆయన భార్య అమ్మాజీ.

"పెద్దల సమక్షంలో అన్నాడుగా. ఇలాంటివాటికి ఆదివారం ప్రత్యేకంగా పెడతారేమో!"

ఆయన భయానికి కారణం ఉంది. ఆ లడ్డులు నిజంగానే గుడివాడవి. పెళ్ళి హడావిడిలో లడ్డు ఆర్డరివ్వడం ఆయన శుభ్రంగా మర్చిపోయారు. గుర్తొచ్చేసరికి బందరు దుకాణాలన్నీ పెళ్ళిళ్ళ ఆర్డర్లతో చేతులెత్తేశాయి. చివరికి గుడివాడలో ఒక వంటాయన కాళ్ళావేళ్ళా పడి చేయించి తెచ్చారు. ఆ సంగతి వియ్యంకుడికే కాదు, అమ్మాజీకి కూడా తెలియదు. వియ్యంకుడి ముందు పరువు, భార్య ముందు మాట, రెండూ ఇప్పుడు రత్నరాజుగారి నోట్లో ఉన్నాయి. ఆ నోరు ఎలాంటిదో వీధికంతా తెలుసు.

వెంటనే గుడివాడలో ఉన్న మేనల్లుడు ధీరజ్‌కు ఫోన్ చేశారు. ధీరజ్ కొత్త లాయరు. కోటు కుట్టించుకున్నాడు గాని, దాన్ని చూడ్డానికి ఇంతవరకూ ఒక్క కక్షిదారు కూడా రాలేదు. మావయ్య గొంతులో భయం వినగానే అతనికి పండగే అయింది.

"మావయ్యా, నువ్వు నోరు విప్పకు. నేను చెప్పింది చెప్పినట్టు పంపించు" అని ఒక జవాబు చెప్పి రాయించాడు.

"మీ సందేశము అందినది. సాయంత్రము అయిదు గంటలకు మా స్వగృహమందు, మా న్యాయవాది ద్వారా తమకు సమాధానము ఇవ్వబడును."

ఎదురింట్లో రత్నరాజుగారు అది చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఎలీసబెతూ! సమాధానం ఇస్తాడట!"

"బాగానే ఉంది. మధ్యలో న్యాయవాది ఎందుకండీ?"

"మనం ప్రార్థనలో దేవుడి దగ్గర మన తరఫున మాట్లాడే ఉత్తరవాది అనమూ? అదే! పాపం బావ మన మాటలు నేర్చుకుని మరీ రాశాడు" అంటూ ఆయన కళ్ళు తుడుచుకున్నారు. అంత మంచి మనిషి దగ్గరికి ఉత్త చేతులతో ఎలా వెళ్తారు? పాస్టరుగారికి ఫోన్ చేసి ప్రార్థనకు రమ్మన్నారు. లడ్డుతో వచ్చిన తగువు లడ్డుతోనే పోవాలని, సెంటరులో మంచి దుకాణం చూసి బందరు లడ్డు పెద్ద పెట్టె ఒకటి కట్టించుకొచ్చారు.

ధీరజ్ బస్సెక్కి, ఊరుకోలేక శ్రీజకు ఫోన్ చేశాడు. "మరదలా, మీ సారె లడ్డుల మీద కేసు. నేనే చూస్తున్నాను." శ్రీజ కంగారుపడి అత్తగారితో చెప్పింది. అత్తగారు పక్కింట్లో చెప్పింది. కేసు అంటే లడ్డులో ఏదో పడే ఉంటుందని పక్కింటివాళ్ళు తేల్చారు. వేసవిలో తిన్న లడ్డుకు ఆ మధ్యాహ్నం మొవ్వలో ఇద్దరికి కడుపునొప్పి వచ్చింది. వియ్యంకుడు రత్తయ్యగారు ఇక ఆగలేక తువ్వాలు భుజాన వేసుకుని బందరు బస్సెక్కారు.

అయిదు గంటలకు నాగభూషణరావుగారి వరండా అచ్చం కోర్టులాగే ఉంది. నల్లకోటులో ధీరజ్ చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. కారణం పూర్తిగా తెలియకుండానే కోపంగా ఉండాలని నిశ్చయించుకుని రత్తయ్యగారు కుర్చీలో బిగుసుకుని కూర్చున్నారు. నాగభూషణరావుగారు చలించని ముఖం పెట్టడానికి ప్రయత్నిస్తున్నారు గాని, కింది పెదవి మాట వినడం లేదు.

గేటు తెరుచుకుంది. ముందు రత్నరాజుగారు, చేతిలో లడ్డు పెట్టె. వెనక ఎలీసబెతు. ఆ వెనక తెల్లచొక్కాలో పాస్టరు హనోకుగారు, చంకలో నల్ల అట్ట పుస్తకం.

"చూశావా మావయ్యా, సరుకు దాచిపెట్టి కోర్టుకు తెచ్చారు. ప్రమాణం చేయించడానికి పుస్తకం కూడా తెచ్చారు" అని గొణిగాడు ధీరజ్.

హనోకుగారు అందరినీ చూసి చిరునవ్వుతో చెయ్యెత్తారు. "ఈ ఇంటికి సమాధానం కలుగును గాక!"

"సమాధానం మేం రాతపూర్వకంగా ఇస్తాం సార్" అన్నాడు ధీరజ్.

హనోకుగారి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "రాతపూర్వకంగానా? సమాధానం మనసులో కదండీ ఉండాల్సింది?"

"మనసులో ఉంటే సరిపోదు సార్. ముందు మీవాళ్ళ ఫిర్యాదు ఏమిటో చెప్పండి. రేపు సాక్ష్యం ఏ కోర్టులో?"

"కోర్టేంటి బాబూ, చర్చిలో!" అన్నారు రత్నరాజుగారు. వీధి చివర కుక్క లేచి అరిచింది.

ఆ తర్వాత కాసేపు ఎవరు ఏమన్నారో చెప్పడం కష్టం. హనోకుగారు రెండు మాటలకూ అర్థం చెప్పారు. ఎలీసబెతు నోటికి చీరకొంగు అడ్డుపెట్టుకుని నవ్వింది. అమ్మాజీ "అయ్యో వదినా, పొద్దున్నుంచి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు" అని తానూ నవ్వేసింది. లడ్డులో ఏమీ పడలేదని తెలిసి రత్తయ్యగారి భుజాలు దిగాయి. ధీరజ్ ఒక్కడే దిగులుగా కోటు విప్పి మడతపెట్టుకున్నాడు.

నాగభూషణరావుగారికి గండం గడిచింది. కేసు లేదు. గుడివాడ మాట ఎవరూ ఎత్తడం లేదు. ఆయన నోరు మూసుకుని కూర్చుంటే కథ అక్కడితో సుఖంగా అయిపోయేది.

కానీ రత్నరాజుగారు లడ్డు పెట్టె బల్ల మీద పెట్టి చేతులు కట్టుకున్నారు.

"బావా, నలుగురిలో నీ పరువు తీశాను. అసలు గుడివాడ లడ్డు నేను జన్మలో తినలేదు. ఎలా ఉంటుందో కూడా తెలియదు. ఏదో నోటికొచ్చింది వాగాను. బందరు లడ్డును పట్టుకుని గుడివాడదని అబద్ధం చెప్పాను. రేపు సంఘం ముందు నిలబడి నేను అబద్ధాలకోరునని ఒప్పుకుంటాను. రత్తయ్యగారూ, మీరు కూడా వినండి. తప్పు నాది." ఆ గొంతు మొదటిసారి వరండా దాటి బయటికి పోలేదు.

నాగభూషణరావుగారు స్నేహితుడి వంక చూశారు. నిందకు చలించకుండా ఉండడం ఆయన కష్టపడితే నేర్చుకోగలిగేవారేమో. తన మీద పడాల్సిన నింద ఇంకొకడు నెత్తిన వేసుకుంటుంటే ఊరుకోవడం ఎలాగో ఏ ప్రవచనంలోనూ చెప్పలేదు. ఆయన ముఖంలో అన్ని కండరాలూ ఒక్కసారి కదిలాయి.

"నువ్వు అబద్ధం చెప్పలేదు బావా! అది గుడివాడదే!" అని అరిచారు. "ఆర్డరివ్వడం మర్చిపోయాను. గుడివాడ వెళ్ళి చేయించుకొచ్చాను. నువ్వు తప్పు చెప్పావని కాదు నా ఏడుపు, సరిగ్గా చెప్పావని!"

అమ్మాజీ నవ్వు సగంలో ఆగింది. నాగభూషణరావుగారు తలవంచుకుని వియ్యంకుడి మాట కోసం ఎదురుచూశారు.

రత్తయ్యగారు తువ్వాలు దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నారు. "బావగారూ, ఆ గుడివాడాయన ఫోన్ నంబరు ఉందా?"

"ఎందుకండీ?"

"ఎందుకేంటండీ! మా తమ్ముడి కూతురి సారెకు మీరు పెట్టిన లడ్డే కావాలని మీ చెల్లెమ్మ పట్టుబట్టింది. మొన్న బందరు వచ్చి మూడు కొట్లలో కొనుక్కెళ్తే, ఇది కాదు, ఇది కాదు అని అన్నీ పనివాళ్ళకు పంచేసింది. బందరువాళ్ళు మంచి లడ్డు తమవాళ్ళకే దాచుకుని మాకు మామూలుది అంటగడుతున్నారని మీ మీద కోపంగా ఉంది. ఈ మాట అడగడానికి మొహమాటపడి ఇన్నాళ్ళూ ఊరుకున్నాను."

"మా గుడివాడ నెయ్యి అలాంటిది మరి" అన్నాడు ధీరజ్. ఆ రోజు అతను గెలిచిన కేసు అదొక్కటే.

రత్నరాజుగారు "అంటే నా నాలుక అబద్ధం చెప్పలేదన్నమాట" అన్నారు. ఆ తర్వాత ఇద్దరు బావలూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నారు. తెచ్చిన బందరు లడ్డులు తలా ఒకటి తిన్నారు. రుచి సంగతి మర్యాదకు ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు సాక్ష్యం బ్రహ్మాండంగా జరిగింది. మైకు అవసరం లేకపోయింది. చివరి బెంచీలో కూర్చున్న నాగభూషణరావుగారు ముఖం నిండా చలిస్తూ, పడీపడీ నవ్వుతూ విన్నారు. సోమవారం నుంచి ఇద్దరూ మళ్ళీ టీకి నడుస్తున్నారు.

"దుకాణంలో దగ్గర కూర్చుని చేయించానన్నారే" అన్నది అమ్మాజీగారు భర్తతో అన్న ఆఖరి మాట. ఈ పూట కూరేమిటని ఆయన పూటపూటా అడుగుతూనే ఉన్నారు గాని, ఆవిడ దగ్గర్నుంచి ఇంతవరకూ సమాధానం రాలేదు, ఏ తెలుగులో చూసుకున్నా.