లాన్‌కెడ్రిక్ చర్చి కుక్కల పట్టకారు

గురువారం పొద్దున, చర్చి బాగోగులు చూసే ఎల్వెడ్ ప్రోసర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చర్చి తలుపు తీయాలి, కుక్కల పట్టకారును తుడిచి మెరిపించాలి, పదకొండింటికి మ్యూజియం నుంచి వచ్చే డిలిస్ పారీ గారు దాన్ని పట్నానికి పట్టుకుపోకుండా చూసుకోవాలి.

లాన్‌కెడ్రిక్ చర్చికి రంగు గాజుల కిటికీలు లేవు, ఎత్తైన గోపురమూ లేదు. ఉన్నదల్లా ఆ పట్టకారే. వెనకటి రోజుల్లో రైతులు గొర్రెల కుక్కలతో సహా ప్రార్థనకు వచ్చేవారు. ప్రసంగం మధ్యలో కుక్కలు కొట్లాటకు దిగితే, మడత చెక్కల పట్టకారును బారెడు దూరం చాపి, మెడ ఒడిసిపట్టి బయటికి నడిపించేవారు. ఆ ఉద్యోగం మొదట చేసినవాడు ఎల్వెడ్‌కు ఏడు తరాల కిందటి తాత. ఈ మాట చెప్పిన ప్రతిసారీ ఎల్వెడ్ ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. ఊడిన గుండీలు కుట్టేది మాత్రం భార్య నెస్టా.

పనిలేకుండా పడి ఉన్న పాత వస్తువులను తీసుకెళ్లి భద్రపరుస్తామని మ్యూజియం ఉత్తరం రాసింది. తీరా చూస్తే పట్టకారు కీళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి.

"నెస్టా! నూనె అయిపోయింది. కొంప మునిగింది!" చర్చి పక్కనే ఉన్న తన ఇంటివైపు కేకేశాడు.

"నిన్నటి మూకుట్లో గొర్రె కొవ్వు పేరుకుని ఉందిగా, అది రాయి. మీ తాతేమన్నా కొట్లో నూనె కొనుక్కొచ్చి రాశాడా?"

ఎల్వెడ్ రాశాడు, ఉదారంగా రాశాడు. పట్టకారు వెన్నలా తెరుచుకుంది, మూసుకుంది. అతనికి ఆనందంతో కళ్లు చెమర్చాయి. ఈలోగా ఆ వాసన చర్చి ప్రహరీ గోడ దాటింది. గోడ అవతల గొర్రెల కాపరి ట్యూడర్ ఐదు కుక్కలతో మందను తోలుతున్నాడు. కుక్కలు ముందు ముక్కులెత్తాయి, ఆ తరవాత ఉద్యోగం మానేశాయి.

అప్పుడే లోపలికి వచ్చిన డిలిస్ గారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "చక్కగా ఉంచారండీ. కానీ మీరే చెప్పండి, ఈ రోజుల్లో దీనికి ఇక్కడ పనేముంది?"

ఎల్వెడ్ నోరు తెరిచేలోపు ఐదు కుక్కలూ తలుపు దాటాయి. అతను పట్టకారును నెత్తికెత్తుకుంటే అవి బల్లలెక్కి ఎగిరాయి. దానితోనే అదిలిస్తే మరింత సంబరపడ్డాయి. రెండు కుక్కలు బలిపీఠం ముందే కలబడ్డాయి. కాపలా పోయిన గొర్రెలు సమాధుల మీది పూలను మేయడం మొదలుపెట్టాయి.

ట్యూడర్ రొప్పుతూ వచ్చాడు. "ఏం బాబాయ్, నా కుక్కలకి ఏం పెట్టావు?"

"భక్తి పెట్టాన్రా! చూస్తావేం, పట్టుకో!"

ఎల్వెడ్ గురి చూసి పట్టకారు చాపాడు. కుక్క వంగింది. పట్టకారు డిలిస్ గారి మోచేతిని పట్టుకుంది.

"అయ్యయ్యో! కదలకండి మేడం!"

"నేను కదలట్లేదు, మీరే లాగుతున్నారు!"

ఎల్వెడ్ ఎలాగో ఆవిడ చెయ్యి వదిలించాడు. ఏడు తరాల పరువు తన చేతిలోనే మంటగలిసిందనుకున్నాడు. పట్టకారు ఇక పట్నానికి పోయినట్టే.

డిలిస్ గారు కోటు చేతులు మోచేతుల దాకా పైకి మడుచుకున్నారు. "ఇలా ఇవ్వండి." పట్టకారు లాక్కుని, చాపి, కలబడుతున్న నల్ల కుక్క మెడను నొప్పి తెలియకుండా అందుకుని, బల్లల మధ్య నుంచి తలుపు దాకా నడిపించుకుపోయారు. మిగతా నాలుగూ వాసన వెంట బుద్ధిగా వరస కట్టాయి. చర్చిలో అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. తన తాత నడిచిన దారి అదేనని తలచుకుంటే ఎల్వెడ్ ఒళ్లు పులకరించింది.

తిరిగొచ్చిన డిలిస్ గారి ముఖం వెలిగిపోతోంది. "ఇరవై రెండేళ్లుగా ఇలాంటివి గాజు పెట్టెల్లోనే చూస్తున్నానండీ. పనిచేస్తుంటే చూడటం ఇదే మొదలు. వాడుకలో ఉన్న వస్తువు జోలికి మేం రాం. ఇది మీదే, మీ ఊరిదే."

మరుసటి వారం చర్చి తలుపు మీద ఎల్వెడ్ కొత్త బోర్డు పెట్టాడు: "1741 నుంచి నేటి దాకా వాడుకలో ఉంది." మధ్యలో నూట యాభై ఏళ్లు సెలవన్న సంగతికి బోర్డు మీద చోటు చాల్లేదు.