ముప్పై ఏడో టోకెన్

ఆ ఉదయం లైబ్రరీ మేడమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం నాలుగయ్యేలోపు వరండాలోని నాలుగు పొడవాటి బెంచీల మీద ఎవరో ఒకరు కూర్చోవాలి. లేకపోతే అవి తిరిగి పరీక్షల హాలుకి వెళ్లిపోతాయి.

ఆ బెంచీల కోసం ఆమె ఆరు నెలలు ప్రిన్సిపాల్ వెంటపడింది. క్లాసుకీ క్లాసుకీ మధ్య పిల్లలు మెట్ల మీద చతికిలబడుతున్నారని, నిలబడే అన్నం డబ్బాలు ఖాళీ చేస్తున్నారని మొత్తుకుంది. చివరికి ఆయన వారం రోజుల గడువు పెట్టి ఒప్పుకున్నారు. కాకపోతే బెంచీలు తన గది ఎదురుగానే వేయించారు. ఆరు రోజులైనా ఒక్కరూ కూర్చోలేదు. పులి గుహ ముందు కునుకు తీయడానికి ఏ లేడి వస్తుంది?

ఏడో రోజు ఆమె తన అక్క కూతురిని పట్టుకుంది. ఆ అమ్మాయి అదే కాలేజీలో రెండో సంవత్సరం చదువుతోంది.

"పిన్నీ, ఆయన తలుపు తీసి ఇక్కడేం చేస్తున్నావంటే ఏం చెప్పను?"

"కూర్చున్నానని చెప్పు."

"అదే కదా నేరం."

అయినా పిన్ని మొహం చూసి, ఇద్దరు స్నేహితురాళ్లను వెంటబెట్టుకుని వెళ్లింది. ముగ్గురూ సంచులు ఒళ్లో పెట్టుకుని, బిగుసుకుపోయి, వరుసగా కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే అటెండర్ అటుగా వచ్చాడు. అందరూ బాబాయ్ అని పిలిచే ఆ పెద్దమనిషి ఇరవై ఆరేళ్లు సర్టిఫికెట్ల కౌంటర్ దగ్గర ఇత్తడి టోకెన్లు పంచాడు. సర్టిఫికెట్లు ఫోన్లలోకి రావడంతో కౌంటర్ మూతపడింది. టోకెన్ల సంచి మాత్రం ఆయన భుజం దిగలేదు. వరుసగా కూర్చున్న ముగ్గురిని చూడగానే చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్లింది. ఒకటి, రెండు, మూడు.

పదింటికి అటుగా వెళ్తున్నవాళ్ల కంట ఆ టోకెన్లు పడ్డాయి. ఎందుకో తెలియదని ఒప్పుకోవడానికి ఎవరికీ మనసు రాలేదు. హాస్టల్ గదులు మారుస్తారట అని ఒకరన్నారు. కాదు, హాజరు తక్కువైనవాళ్లకి మాఫీ అట అని మరొకరన్నారు. ఆ మాటతో బెంచీలు నిండి, జనం పిట్టగోడ ఎక్కారు. తన క్లాసు ఎందుకు ఖాళీ అయిందో కనుక్కుందామని వచ్చిన కెమిస్ట్రీ మాస్టారు కూడా, ఎందుకైనా మంచిదని పంతొమ్మిదో టోకెన్ పుచ్చుకున్నారు.

మేడమ్ లైబ్రరీ కిటికీలోంచి చూసి పొంగిపోయింది. మూడున్నర దాకా.

మూడున్నరకి ప్రిన్సిపాల్ గది తలుపు తెరుచుకుంది. ముప్పై ఆరు మంది ఒక్కసారిగా మాటలాపారు. ఏమిటీ వరుస అని ఆయన అడిగారు.

"నెంబర్లు నేనిచ్చానండీ," అన్నాడు బాబాయ్ గర్వంగా. "పనేమిటో బెంచీలు అడిగి వేయించుకున్న లైబ్రరీ మేడమ్‌కి తెలుసు."

ఇంతమంది గుమ్మం ముందు చేరారంటే అది తన మీద ఫిర్యాదేనని ఆయన తేల్చేసుకున్నారు. మేడమ్‌ని పిలిపించారు.

"కూర్చోవడానికని అడిగి, నా మీదకి ధర్నా చేయిస్తారా? బెంచీలు ఇప్పుడే వెనక్కి పంపిస్తున్నాను."

ఆమె ఆరు నెలల కష్టం కళ్ల ముందే మోసుకుపోయేలా ఉన్నారు. ఇక దాచి లాభం లేదనుకుని పిల్లల వైపు తిరిగింది.

"ఇక్కడ ఏ పనీ లేదు. ఎవరూ ఏమీ ఇవ్వరు. టోకెన్లు బాబాయ్‌కి ఇచ్చేసి వెళ్లండి."

ఎవరూ కదల్లేదు. ఒక బెంచీ మీద నోట్సు చేతులు మారుతోంది. ఇంకోచోట ఒకే డబ్బాలో నాలుగు చేతులున్నాయి. కెమిస్ట్రీ మాస్టారు ఎవరికో లెక్క విప్పి చెబుతూ సగంలో ఆగారు. పన్నెండో టోకెన్ అమ్మాయి మెల్లగా చెయ్యెత్తింది.

"మేడమ్, పని లేకపోయినా ఇది మా దగ్గరే ఉంచుకోవచ్చా? ఇది చేతిలో ఉంటే ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగట్లేదు. పొద్దుట్నుంచీ ప్రాణానికి హాయిగా ఉంది."

మాస్టారు తన టోకెన్ని పిడికిట్లో దాచేసుకున్నారు. ప్రిన్సిపాల్ అందరినీ ఒకసారి చూశారు. లోపలికి వెళ్లి తలుపు చప్పుడు కాకుండా వేసుకున్నారు. నాలుగైంది. బెంచీల కోసం ఎవరూ రాలేదు.

తర్వాతి సోమవారం ప్రిన్సిపాల్ గదిలో ఫ్యాను ఆగిపోయింది. ఆయన ఫైలు పట్టుకుని వరండాలోకి వచ్చి, నిండిపోయిన బెంచీల మీద కూర్చునే చోటు కోసం చూశారు. బాబాయ్ సంచిలో వెతికి ముప్పై ఏడో టోకెన్ ఆయన చేతిలో పెట్టాడు.

"మీ ముందు ముప్పై ఆరు మంది ఉన్నారండీ."

ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డారు.