మా వదిన నాలుగు చెంచాల భోజనం

ఇంటికొకరు చొప్పున పొట్ట ఆపరేషన్ చేయించుకోవాలని చట్టం రావాలి! నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను. ఆ ఒక్కరూ మీరు కాకుండా చూసుకుంటే చాలు, మిగతా ఇల్లంతా సుఖపడుతుంది.

మా వదిననే తీసుకోండి. బరువు తగ్గడానికని డాక్టర్లు ఆవిడ కడుపుని కోసి అరటిపండంత చేశారు. "ఈ మొదటి నెలలే బంగారం, బాగా వాడుకోండి" అని చెప్పి ఇంటికి పంపారు. ఎవరు వాడుకోవాలో చెప్పలేదు. అందుకని మేం వాడుకుంటున్నాం.

ఇదివరకు కేకు తెస్తే ముక్కల దగ్గర యుద్ధాలు జరిగేవి. ఇప్పుడో? వదిన వాటా దిక్కూమొక్కూ లేకుండా ప్లేట్లో పడి ఉంటుంది. అనాథని ఆదుకోవడం మనిషి ధర్మం కాదూ? అన్నయ్యా నేనూ వంతులవారీగా ఆదుకుంటున్నాం. ఆవిడ తగ్గిన బరువంతా ఎక్కడికి పోయిందని పక్కింటివాళ్లు తెగ ఆశ్చర్యపోతున్నారు. ఎక్కడికీ పోలేదండీ, ఇంట్లోనే ఉంది! సగం అన్నయ్య బెల్టు మీద, సగం నా గడ్డం కింద.

జుట్టు కొంచెం రాలుతున్న మాట నిజమే. షాంపూ ఆదా కాలేదూ? పాత నైటీ కుట్లు విప్పి వదినే నవ్వుతూ అన్నయ్య స్కూటరుకి కవరు కుట్టింది. వంగి తన చెప్పుల బకిల్ తనే పెట్టుకున్న రోజున ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించింది. మేం చూశాక విప్పి, మళ్లీ పెట్టుకుంది!

ఆవిడ బెంగల్లా ఒక్కటే, మధ్యాహ్నం బల్ల. వదిన యూనిఫారాలు కుట్టే చోట కటింగ్ మాస్టరు. భోజనం వేళకి గుడ్డలు తీసేసి, సుద్దపొడి తుడిచి, ఆ కటింగ్ బల్ల చుట్టూనే అందరూ క్యారియర్లు విప్పుతారు. అత్తగార్ల మీద ఫిర్యాదులు, ఓనరు గొంతుని అనుకరించడాలు, ఒకటే గోల. ఆపరేషన్‌కి ముందు వదిన డాక్టరుని అడిగింది కూడా అదే: "మా వాళ్లతో కూర్చుని తినొచ్చుగా?"

"నిక్షేపంగా" అన్నారాయన.

తీరా సెలవయ్యాక పనిలోకి వెళ్తే, భోజనం వేళకి మనుషులంతా మాయం! ఆవిడకి నోరూరి బాధపడుతుందేమోనని తోటివాళ్లంతా కూడబలుక్కున్నారు. ఎంత మంచి మనసులో చూడండి. స్టోరు గదిలో తలుపేసుకుని, గుండీల డబ్బాల మధ్య ఇరుక్కుని, ఒకరి మోచెయ్యి ఇంకొకరి కూరలో పెట్టుకుంటూ దొంగల్లా తింటున్నారు. అంత పెద్ద బల్లకీ వదిన ఒక్కతే మహారాణి. లావుగా ఉన్నప్పుడు దక్కిందా ఇంత వైభోగం?

వారం రోజులు బల్లని ఏలింది. ఓరోజు ఎవరో ఓనరు గొంతు పెట్టారు కాబోలు, లోపల్నుంచి నవ్వులు. ఇక ఉండబట్టలేక, తన చిన్న గిన్నె పట్టుకుని వెళ్లి తలుపు తోసింది. లోపల అందరి చేతులూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"అయ్యో మాస్టరమ్మా, నీకు కష్టంగా ఉంటుందనీ..." నసిగింది గుండీలు కుట్టే పెద్దావిడ.

"డాక్టరు కోసింది నా కడుపుని పెద్దమ్మా, కబుర్లని కాదు! తిండి లేకపోయినా ఉండగలుగుతున్నా. మీరు లేకపోతే ఉండలేకపోతున్నా. పదండి బయటికి!" అంది వదిన, పైటతో కళ్లు తుడుచుకుంటూనే.

అందరూ బల్ల దగ్గరికొచ్చారు. వదిన తినేది నాలుగు చెంచాలు, పట్టేది అరగంట. ఆవిడ ఒక్కతే మిగలకూడదని చేతులు కడుక్కున్నవాళ్లు కూడా వచ్చి మళ్లీ కూర్చున్నారు. బెల్లు మోగింది. ఒక్క మిషనూ కదల్లేదు. ఓనరు పరుగున వచ్చి ఏమైందని అరిస్తే, అందరూ ఒక్క గొంతుతో అన్నారట: "మాస్టరమ్మ ఇంకా భోంచేస్తోందండీ!"

ఈ సంగతంతా వదిన ఆ రాత్రి ఇంటికొచ్చి చెబుతుంటే పడీ పడీ నవ్వాం. ఎంత పిచ్చివాళ్లో కదా, అని నేనే అన్నాను. అప్పటికే మా ప్లేట్లు కడిగి బోర్లించేశాం. నువ్వెలాగూ తినవు కదా వదినా, అని నాలుగు రోజులుగా రాత్రి భోజనాలు ముందే కానిచ్చేస్తున్నాం.

వదిన ఆ ప్లేట్ల వంక చూసింది. గిన్నె తెచ్చుకుని, మా భోజనాల బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రండి. నావింకా నాలుగు చెంచాలున్నాయి" అంది.

ముందు అన్నయ్య కూర్చున్నాడు. తర్వాత నేను. ముందర తినడానికి ఏమీ లేకుండా మేం ఆ బల్ల దగ్గర కూర్చోవడం అదే మొదలు.