చేతులు కడుక్కునే సీను

సమాజంలో నేరాలను రూపుమాపడానికి మనిషి కనిపెట్టిన సాధనాలన్నిటిలోకీ శ్రేష్ఠమైనది కత్తెర. పోలీసు, జైలు, ఉరికొయ్య నేరం జరిగిపోయాక వచ్చేవి. కత్తెర అసలు నేరాన్నే జరగనివ్వదు. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి పోయే దారిలో, కనకమ్మ సత్రం దాటాక ఉన్న మా నేతగాళ్ళ ఊళ్ళో, ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు ఈ సత్యం రుజువైంది.

మా టెంటు కొట్టాయికి, అంటే డేరా సినిమాహాలుకు, ఒక అరవ సినిమా వచ్చింది. (పేరు చెప్పలేను. కత్తిరింపు పేరుతోనే మొదలైంది.) కథానాయకుడు తపాలా గుమాస్తా. ఆడవాళ్ళను ఒకరి తర్వాత ఒకరిని గొంతు నులిమి చంపుతాడు. చంపిన మర్నాడు ఇడ్లీ ఎట్లా తింటాడు, లోపల ఏ పురుగు తొలుస్తోంది అని దర్శకుడు వాడి మనసును అడుగంటా తవ్విపోశాడు. చూసినవాడికి అన్నం దిగదు. అందుకే పెద్దలకు మాత్రమే అని సర్టిఫికెట్టు.

చిక్కల్లా అమావాస్యతో వచ్చింది. ఆ రోజు మావాళ్ళు మగ్గం గుంతలో కాలు పెట్టరు, ఇంటిల్లిపాదీ సినిమాకు వస్తారు.

"పిల్లాజెల్లను గేటు కాడ నిలబెడితే, టెంటు పీక్కోని కడంబత్తూరు పోవాల్సిందే" అన్నాడు ఓనరు కోదండరామ.

వెంటనే దృశ్య శీల పరిరక్షణ సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు రిటైర్డు హెడ్మాస్టరు శివప్రకాశం. (ఊళ్ళో మొగుడూ పెళ్ళాల పంచాయితీలూ ఆయనవే. శీలం ఏ రూపంలో ఉన్నా ఆయన శాఖ కిందికే వస్తుంది.) నేను ప్రొజెక్టరు ఆడించేవాణ్ణి. ఐదో క్లాసుతో బడి మానినవాణ్ణి గనుక నాకు సభ్యత్వం ఇవ్వలేదు, కత్తెర ఇచ్చారు.

సంఘం పక్షపాతం లేకుండా పనిచేసింది. మొదటి హత్య హింస గనుక తీసేయించింది. రెండోదానిలో చీర చెదిరింది. మూడోది శుక్రవారం జరిగింది. మిగతావి మొదటి మూడింటిలాగే ఉన్నాయి. గుమాస్తా పీడకలలు పిల్లలు జడుసుకుంటారని పోయాయి. చివరికి మిగిలిందేమిటంటే, ఒక మనిషి పొద్దున్నే లేస్తాడు, తల్లికి అన్నం తినిపిస్తాడు, చెట్లకు నీళ్ళు పోస్తాడు, మాటిమాటికీ సోపుతో చేతులు కడుక్కుంటాడు. ఆఖర్లో ఏ కారణమూ లేకుండా పోలీసులు వచ్చి పట్టుకుపోతారు.

టెంటంతా ఏడ్చింది.

"యామి పాపం చేసినాడని ఆ బిడ్డను ఈడ్చకపోతాండారు?" అని ముందు వరసలోంచి ముసలి తిరుమలమ్మ శాపనార్థాలు పెట్టింది. "ఆ చేతులు చూడండే, ఎంత సుబ్రమో! మా ఇంట్లోనూ ఉండాడు ఒకడు, సోపు మొగమే ఎరగడు."

మర్నాడు సెల్లమ్మ కొంగు మెడ చుట్టూ బిగించుకుని సంఘం ముందుకు వచ్చింది. నేత పనివాడు నాగలింగం పెళ్ళాం. కవరైపేట్టైలో అన్న ఉన్నాడు. పెద్దమనుషుల మాట లేకుండా వస్తే గడప తొక్కనివ్వనన్నాడు. ఆ ఒక్క మాట కోసం వచ్చింది.

"మామా, నా మొగుడు రేత్రి నూలు పురి మెడకేసి..."

"ఆడోళ్ళు ఉండారమ్మా" అన్నాడు శివప్రకాశం. "ఆ ముక్క వదిలేసి చెప్పు."

"పోయిన వారం మగ్గం గుంతలోకి తోసి, గొంతు మీద కాలు..."

"పిల్లోళ్ళు ఉండారు. అదీ వద్దు."

"అవి వదిలేస్తే ఇంక యాముండాది మామా చెప్పను?"

"ఉండేదే చెప్పు."

సెల్లమ్మ మెడ మీది కొంగు సర్దుకుంది. "పొద్దున్నే లేస్తాడు. అందరి పడుగులకీ పోతాడు."

"సరి, నీ నోటితో నువ్వే చెప్తివి గదా!" అన్నాడు కోదండరామ.

మా ఊళ్ళో పడుగు గొప్ప కొలబద్ద. ఒక ఇంటి నూలు వీధి పొడుగునా సాగదీసి గంజి పెట్టాలంటే వీధివీధంతా చెయ్యి పట్టాలి. ఎవరి పడుగుకైనా నాగలింగమే ముందు వస్తాడు. అట్లాంటివాడి మీద ఫిర్యాదు వినడమే వీధికి అవమానమని సంఘం తేల్చింది. ఆమె మాటల్లో అభ్యంతరకరమైనవి తొలగించగా మిగిలినదాన్ని పరిశీలించి, కాపురం సుఖంగా ఉందని తీర్మానించింది.

సెల్లమ్మ పోతూ పోతూ నా దగ్గర ఆగింది. "అన్నా, కత్తిరించిన ముక్కలు యాడ పెట్నావు?"

"డబ్బాలో ఉండాయి తల్లీ."

"పారేయొద్దు. నా కత అంతా దాంట్లోనే ఉండాది."

మళ్ళీ అమావాస్య రాకముందే నాగలింగం ఇంటి ముందు వీధంతా చెయ్యి పట్టింది. ఈసారి పడుగుకు కాదు, పాడెకు. అందరి పడుగులకూ వచ్చినవాడు గనుక ఒక్క ఇల్లూ తప్పలేదు. అంతా అయ్యాక నాగలింగం తొట్టి దగ్గర కూర్చుని సోపుతో చేతులు కడుక్కున్నాడు. తిరుమలమ్మ కళ్ళు తుడుచుకుంటూ నీళ్ళు పోసింది.

సెల్లమ్మ ఎట్లా పోయిందని ఎవరూ అడగకూడదు. ఆ భాగం ఆడవాళ్ళూ పిల్లలూ వినరానిదని సంఘం తీసేయించింది. మిగతా కథ కుటుంబసమేతంగా వినదగ్గది.